లాప్‌టాప్‌కు నాలుగు హద్దులు

ఇబ్రహీంపట్నం,
4 జూన్ 2007

ఉజ్వల కంప్యూటర్స్ మేనేజరు దీక్షిత్ గారికి, డాక్యుమెంట్ రైటర్ రత్నాకర్ నమస్కరించి రాయునది.

ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితమైతే సాక్ష్యంగా నిలుస్తుంది. అందుకే రాస్తున్నాను. పోయిన నెల మీ దగ్గర లాప్‌టాప్ కొన్నాను. మా బామ్మర్ది భూపాల్ డెస్క్‌టాప్‌లో ఉన్నట్టే దీనిలోనూ రెండు గిగాహెర్ట్జ్ ప్రాసెసరని మీరే అన్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు మా రేకుల షెడ్లు ఎదురెదురుగా ఉంటాయి. అక్కడ మూడు దస్తావేజులు తయారయ్యేసరికి ఇక్కడ ఒక్కటి కావడం లేదు. "రత్నాకరన్నా, నీది ఎడ్లబండి లెక్కుంది" అని నా ముఖం మీదే అని జనం అటు పోతున్నారు.

మన్నెగూడ వెంచరు రాంచంద్ర 21వ తేదీ గురువారం ఇద్దరికీ ఒకే దస్తావేజు ఇస్తాడట. ఎవరు ముందు పూర్తి చేస్తే వంద ప్లాట్ల పని వాళ్లకే. అది పోతే నేను షెడ్డు మూసుకోవాల్సిందే.

సదరు లాప్‌టాప్‌కు హద్దులు: తూర్పు స్టాంపు ప్యాడ్, పడమర ప్రింటర్, ఉత్తరం గోడ, దక్షిణం నేను.

ఇట్లు,
రత్నాకర్

తా.క.: వేడెక్కినప్పుడు దీని నుంచి రిజిస్ట్రేషన్ ఆఫీసు వాసన వస్తోంది. మీరు పెట్టిన సౌకర్యమేనా?

---

హైదరాబాద్,
7 జూన్

గౌరవనీయులైన రత్నాకర్ గారికి,

డెస్క్‌టాప్‌ది పెద్ద డబ్బా, పెద్ద ఫ్యాను. లాప్‌టాప్‌ది పలుచని ఒళ్లు, చిన్న ఫ్యాను. అందుకే వేడెక్కితే ప్రాసెసరు తనంతట తానే నెమ్మదిస్తుంది. అయినా మీ దానిలో రెండు కోర్లు ఉన్నాయి, భూపాల్ గారి పాతదానిలో ఒక్కటే. మీది వెనకబడే ప్రశ్నే లేదు. నీడలో, గాలి తగిలేలా పెట్టండి.

భవదీయుడు,
దీక్షిత్

తా.క.: వాసన మాది కాదు. హద్దులు అవసరం లేదు.

---

ఇబ్రహీంపట్నం,
11 జూన్

దీక్షిత్ గారికి,

నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టాను. తేడా లేదు. జబ్బేమిటో మీ ఉత్తరంలోనే దొరికింది. ఒకే ఇంట్లో రెండు కోర్లు! ముప్పై ఏళ్లుగా అన్నదమ్ముల భాగపంపకాలు రాస్తున్నవాణ్ణి, నాకా తెలియంది? నువ్వు చెయ్యంటే నువ్వు చెయ్యంటూ ఇద్దరూ కూర్చుని ఉంటారు. భూపాల్ దానిలో ఒక్కడే కాబట్టి చచ్చినట్టు చేస్తున్నాడు. వీళ్లిద్దరికీ పంపకాలు చేసి, ఎవరి పని వారికి రాసి పంపండి.

ఇట్లు,
రత్నాకర్

తా.క.: దీన్ని ఎవరూ పాడు చేయలేదు. టైపింగు నేర్చుకున్న నా బిడ్డ స్వప్ననే వారంటీ తీరేదాకా ముట్టనివ్వనన్నాను. అలిగి మేనమామ భూపాల్ షెడ్డులో పనికి కుదిరింది.

---

హైదరాబాద్,
14 జూన్

రత్నాకర్ గారూ,

కోర్ల మధ్య తగాదా లేదు. అవి అన్నదమ్ములు కావు. అసలు మనుషులే కావు. దయచేసి లాప్‌టాప్ తిరగేసి, అడుగున గాలి సందులు మూసుకుపోయాయేమో చూసి చెప్పండి. ఇంకేమీ రాయవద్దు.

దీక్షిత్

తా.క.: మీ ఉత్తరాలు చదివి మా ఆవిడ నవ్వుతోంది. నాకు నవ్వు రావడం లేదు.

---

ఇబ్రహీంపట్నం,
16 జూన్

దీక్షిత్ గారికి,

సందులు మూసుకుపోలేదు. నేనే మూశాను.

"సీలు చెదిరితే వారంటీ చెల్లదు" అని మీ కార్డు మీదే ఉంది. చూస్తే మీరు వేసిన సీలు చిటికెన వేలి గోరంత కాగితం. సందులేమో బార్లా తెరిచి ఉన్నాయి. ఎవడైనా పుల్ల దూరిస్తే ఎవరిది పూచీ? అందుకే కొన్ననాడే అన్నింటికీ లక్క కరిగించి పోసి, నా ముద్ర కొట్టాను. ఒక్కటీ చెదరలేదు.

ఇట్లు,
రత్నాకర్

తా.క.: వాసన ఆ లక్కదేనని ఇప్పుడే తట్టింది. ఆ ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను.

---

హైదరాబాద్,
18 జూన్

అయ్యా,

మా ఇంజనీరు యోహాను బుధవారం వస్తాడు. అప్పటిదాకా దాన్ని ఆన్ చేయకండి. మీకు దండం పెడతాను.

దీక్షిత్

---

ఇబ్రహీంపట్నం,
23 జూన్

దీక్షిత్ గారికి, రత్నాకర్ నమస్కరించి రాయించునది.

యోహాను వచ్చి, ఇద్దరు సాక్షుల ఎదుట లక్క గీకేశాడు. మిషను చల్లబడింది. నీళ్లు తాగిన ఎద్దులా లేచింది. సరే చూద్దామని భూపాల్ షెడ్డుతో పందెం పెట్టాం. అక్కడ పది నిమిషాలు, నాకు నలభై! "నీ ప్రాసెసరు ఇంకా పండుకునే ఉంది" అని యోహాను మీద ఎగిరాను. అతను నన్ను డెస్క్‌టాప్ ముందు, అక్కడ పనిచేస్తున్న స్వప్నను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాడు. లాప్‌టాప్‌లో తొమ్మిది నిమిషాలు. డెస్క్‌టాప్‌లో నలభై.

"అన్నా, రెండు మిషన్లు మంచిగనే ఉన్నయి" అన్నాడు. "రెండూ నీ ఒక్క వేలు కోసం ఎదురు చూస్తున్నయి."

నిజమే. ముప్పై ఏళ్లు కలం పట్టిన చేయి. కీబోర్డు మీద నాకు కుడి చూపుడు వేలొక్కటే నడుస్తుంది. స్వప్నకు పది నడుస్తాయి. ఇంట్లో పది వేళ్లు పెట్టుకుని నేను సందులకు లక్క పోశాను. సిగ్గేసింది.

రాత్రి బిడ్డను అడిగాను. "కూసుంట బాపూ. కానీ మల్ల ముట్టకు అంటే లేసిపోత" అంది. గురువారం తనే కూర్చుంది. తొలి దస్తావేజు రాంచంద్ర చేతిలో పెట్టేసరికి, భూపాల్ తన ఒంటి వేలితో ఇంకా హద్దుల దగ్గరే ఉన్నాడు. వెంచరు పని మాదే.

కావున స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా షెడ్డులోని కుర్చీని నా కూతురు స్వప్నకు రాసి ఇచ్చాను. హద్దులు: తూర్పు స్టాంపు ప్యాడ్, పడమర ప్రింటర్, ఉత్తరం గోడ, దక్షిణం టీ గ్లాసు పట్టుకుని నేను.

ఇట్లు,
రత్నాకర్

తా.క.: ఇది నేను చెబుతుంటే స్వప్న టైపు కొట్టింది. మధ్యలో ఒక మాట కోసం ఆగితే, "ఏంది బాపూ, వేడెక్కినవా?" అని అడిగింది.