ఏడు నడుం మీద గీత

ఇబ్రహీంపట్నం,
ఆదివారం.

బేటీ షహీన్‌కు అబ్బా దువాలు.

అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వూ అట్లాగే ఉండాలి. నువ్వడిగిన అమ్మీ మోకాలు జర నయం. దవాఖానలో ఇచ్చిన పట్టీ మాత్రం కట్టుకోదు, అల్మారాలో దాచింది. నీ చెల్లె మెహెక్ ఇంటర్ పరీక్షలు బాగా రాశానంటోంది. నాకు నమ్మకం లేదు.

నీ మ్యూజియం మీద కూడా లేదు, కోపం తెచ్చుకోకు. కొత్తగా చదువు ముగించిన పిల్లలకు ఢిల్లీలో గది ఇచ్చి, అన్నం పెట్టి, ఏడాది పాటు ఈ కాలపు కళను చూసి పరిశోధన రాయమంటారా? ఎవరికైనా ఊరికే అంత ప్రేమ పుడుతుందా? ఫెలోషిప్ అనగానే నువ్వు ఎగిరి గంతేశావు. నీ నుంచి ఏం రాబట్టాలని చూస్తున్నారో అని నాకు మొదటినుంచీ అనుమానమే.

నువ్వు ఫోటో పంపిన రోజు అది గట్టిపడింది. అద్దాల గదిలో, లైట్ల కింద, మన దగ్గరి వెంచర్ల ప్లాట్ రాళ్ళు! పసుపు రంగు, ఎర్ర నంబర్లు. ఎవరో కళాకారుడు మన ఊరి నుంచే వ్యాన్‌లో పట్టుకుపోయాడట. ఆ అంకెలు రాసిన చెయ్యి ఎవరిదో కనుక్కోవడమే నీ పరిశోధన అన్నావు. ఆ వెంటనే ఇంకో ఉత్తరం: "అబ్బా, ఒకటి నుంచి తొమ్మిది దాకా నీ చేత్తో రాసి పంపు." ఎందుకో చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాసే పెయింటర్‌ను, ఆ మాత్రం అర్థం కాదా? సొంత కూతురే నా మీద నిఘా పెట్టిందనుకున్నాను.

అందుకే పోయినసారి నీకు పంపిన అంకెలు నావి కావు. మెహెక్‌తో రాయించాను.

ఫోన్‌లో చెప్పలేను, అమ్మీ పక్కనే ఉంటుంది. ఆ రాళ్ళ మీద రాసింది నేనే. అవి పాతిన నేల మన ఎంకయ్య కాక చెల్క, నిన్ను భుజాన ఎక్కించుకొని చెరువు చూపించిన ఎంకయ్యది. ఆయన చుట్టాల పెళ్ళికి పోయిన రోజు వెంచర్ వాళ్ళు రాళ్ళు పాతారు. భూమి ఎవరిదో తెలిసీ బ్రష్ పట్టాను. ఆ చెల్క తిరిగి చేతికి రావడానికి ఎంకయ్య మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు. రాళ్ళు పీకడానికి సాయానికి నన్నే పిలిచాడు. నంబర్లు తడిమి అన్నాడు: "ఎవడు రాసిండో గని నూరు భాయ్, చెయ్యి మస్తుగున్నది. గంత మంచి చెయ్యి ఉన్నోనికి గీ పాడు పని ఎందుకు?"

నేను "ఏమో" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను బిడ్డా. గట్టు మీద పారేసిన ఆ రాళ్ళనే నీ కళాకారుడు ఎత్తుకుపోయాడు.

ఇప్పటికీ రోజూ ఆయనతోనే చాయ్ తాగుతున్నాను. నువ్వు నా పేరు రాస్తే ఆయన మొహం ఎట్లా చూడను? రాయకపోతే నీ ఏడాది కష్టం అబద్ధమవుతుంది. నా వల్ల నువ్వు అబద్ధం రాయొద్దు.

ఈ కాగితం వెనక నా అంకెలున్నాయి. ఏడు నడుం మీద గీత చూడు, రాళ్ళ మీద ఉన్నదే. రేపు ఈ కవరు జేబులో పెట్టుకొని చాయ్ దుకాణానికి పోతాను. ఎంకయ్యకు చెప్పాకే పోస్టు డబ్బాలో వేస్తాను. ఇది నీ చేతికి అందిందంటే, చెప్పేశానన్న మాట.

ఇట్లు,
నీ అబ్బా
నూరుద్దీన్