నాన్నగారి రివాల్వరుకి తూటా ఏది?

చిరంజీవి బావమరిదికి,

బావ దీవెనలు. ఇంకా బతికే ఉన్నాం. నిన్న బీరువా పై అరలో నాన్నగారి పాత రివాల్వరు బయటపడింది. ఆయన పోయి ఏడాదైనా, దాన్ని చూడగానే నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. చిన్నప్పుడు తప్పు చేస్తే ఆయన ఏమీ అనేవారు కాదు. బీరువా వైపు చూసేవారు, అంతే.

నువ్వు తుపాకులు బాగుచేసేవాడివి. దీనికి ఏ రకం తూటా పడుతుందో చెబితే, ఆ రకాన్ని మా వీధి దరిదాపులకు రానివ్వను. మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లొచ్చాయి, మాట వినడం మానేశాడు.

వణుకుతూ,
మీ బావ

తా.క.: మీ అక్కయ్య దాని మీద దుప్పటి కప్పింది. ఇప్పుడు దుప్పటన్నా భయమే.

బావగారికి నమస్కారాలు.

ట్రిగ్గరు ముట్టుకోకండి. గుండ్ల చక్రం ఖాళీగా ఉందో లేదో వెనకనుంచి చూడండి. ఖాళీ అయితే ముందునుంచి గొట్టం వెడల్పు కొలిచి రాయండి.

మీ బావమరిది

చిరంజీవికి,

చూశాను. ఆరు కన్నాలూ ఖాళీ. ముందునుంచి కొలవాలా? అంటే గొట్టానికి ఎదురుగా నిలబడా? మీ అక్కయ్య మీద నీకేమైనా కోపమా? గొట్టం గుమ్మం వైపు ఉందని మూడు రోజులుగా ముగ్గురం కిటికీలోంచే వస్తూ పోతూ ఉన్నాం.

ఇంకా క్షేమంగానే,
మీ బావ

తా.క.: పక్కింటాయన చూసి, తాళంచెవి పోయిందా అని అడిగాడు. అవునన్నాను.

బావగారూ,

అయితే ముందుకి వెళ్లకండి. కొవ్వొత్తి మైనం మెత్తగా చేసి, వెనకనుంచి ఒక కన్నంలో నొక్కి, గట్టిపడ్డాక తీసి పంపండి. ఆ అచ్చు చూసి తూటా ఏదో చెప్పేస్తాను.

కిటికీ దగ్గర కాలు జాగ్రత్త,
మీ బావమరిది

చిరంజీవికి,

అచ్చు పంపుతున్నాను.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ బావ

తా.క.: తీసింది మీ అక్కయ్య. నేను కిటికీ బయటనుంచి ధైర్యం చెప్పాను.

బావగారికి,

రెండుసార్లు కొలిచాను. ఆ పొట్టి కన్నంలో అసలు తూటా ఏదీ పట్టదు. చప్పుడు మాత్రమే చేసే ఉత్తుత్తి తూటాలకోసం చేసిందది. గొట్టం కూడా మూసే ఉంటుంది, ఎదురుగా నిలబడి చూడండి. పరుగు పందేలు మొదలుపెట్టేటప్పుడు పేలుస్తారు. మీ నాన్నగారు వ్యాయామం మాస్టారు కదా!

ఇక గుమ్మంలోంచి నడవండి,
మీ బావమరిది

తా.క.: పెళ్లి మాటలనాడు ఆయన దాన్ని బల్లమీద పెట్టారు. అది చూసే మా నాన్న మీ సంబంధానికి ఒప్పుకున్నాడు.

చిరంజీవికి,

చూశాను. గొట్టం నిండా ఇనుమే. మీ అక్కయ్య పడీపడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. దానికి జడిసే కదా బొమ్మలు గీయడం మానేసి గుమాస్తానయ్యాను!

మీ బావ

తా.క.: దాన్ని మళ్లీ పై అరలో పెట్టాను. అది ఉత్తుత్తిదని మావాడికింకా చెప్పలేదు. నిన్న వాడు పరీక్ష తప్పి వచ్చాడు. నేనేమీ అనలేదు, బీరువా వైపు చూశాను. వాడి చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. అది చూసి నాకే భయమేసింది. రివాల్వరు నీకే పార్సిలు చేస్తున్నాను. విప్పేటప్పుడు గొట్టం నీ వైపు ఉంచుకోకు, ఎందుకైనా మంచిది.