తాడు అక్కరలేని రాయి

నవంబర్ 2, ఆదివారం

టికెట్లు బుక్ అయ్యాయి. జనవరి మధ్యలో, థాయ్‌లాండ్, క్రాబి. నేనూ, జయపాల్ అన్నా. నా పాస్‌పోర్ట్ మీద పడబోయే మొదటి స్టాంప్ అది. ఏడాదిగా అన్న అక్కడ రాళ్లెక్కే వీడియోలే చూస్తున్నాడు, నాకూ చూపిస్తున్నాడు. సముద్రంలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి గోడలు. మా గుట్టల గ్రానైట్ మీద చేతికి పట్టు దొరకదు, పాదాలని నమ్ముకుని ఎక్కాలి. అక్కడ చెయ్యి మణికట్టు దాకా దూరే బొక్కలుంటాయట.

బాపు విని, ఇబ్రహీంపట్నం చుట్టూ గుట్టలన్నీ అయిపోయినయా, రాయి ఎక్కనీకి విమానం ఎక్కుతున్నరు అన్నాడు. నిజానికి అయిపోతూనే ఉన్నాయి. తుక్కుగూడలో మా రియల్ ఎస్టేట్ ఆఫీసు అమ్మే ప్లాట్లలో సగం ఒకప్పుడు గుట్టలే.

నవంబర్ 9

పడ్డాను.

పడటం కొత్త కాదు. ఎక్కేవాళ్లు పడతారు, కింద తాడు పట్టుకున్నవాళ్లు ఆపుతారు. నాకు ఎక్కడం నేర్పిన రోజు నుంచీ నా తాడు అన్న చేతిలోనే ఉంది. ఇవాళ గుట్ట పై అంచు దగ్గర కాలు జారింది. కాస్త పడి ఆగాలి. ఆగలేదు. రాయి నా ముఖం పక్కనుంచి పైకి పోతూనే ఉంది. నేలకి నిలువెత్తు దూరంలో తాడు బిగిసింది.

నా మోచేయి చీరుకుపోయింది. అన్న కుడి అరచేతి తోలు తాడుకి ఒరుసుకుని లేచిపోయింది. తాడు తడిగా ఉందన్నాడు. వాన పడి ఎన్నాళ్లో అయింది.

నవంబర్ 13

అన్న చెంచాతో అన్నం తింటున్నాడు. పుండు మానలేదట. పుండు కుడిచేతికి. కానీ ఇందాక ఫోన్ జారిపడింది ఎడమచేతిలోంచి.

నవంబర్ 16

అన్న చేతిలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. గుంట పడింది. నేను చూస్తున్నానని తెలిసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

నవంబర్ 19

అడిగేశాను. వానాకాలం నుంచే వేళ్లు మాట వినడం లేదట. కొంగరకలాన్‌లో తను చేసే ఫ్యాక్టరీలో స్క్రూలు బిగించే లైన్ నుంచి తానే అడిగి ప్యాకింగ్‌కి మారాడట. ఎవరికీ చెప్పలేదు. నాకు కోపం ఆగలేదు. తెలిసి తెలిసి నా తాడు ఎట్ల పట్టినవ్ అని అడిగాను. అన్న తలెత్తలేదు.

"నీ తాడు పట్టుకుంటె చేతులు మంచిగైనట్టే అనిపిస్తుండె."

నవంబర్ 27

సిటీలో పెద్దాసుపత్రి. కండల్లోకి సూదులు గుచ్చి మెషీన్ పెట్టారు. కండ చేసే చప్పుడు స్పీకర్‌లో వినిపిస్తుంది. రేకుల మీద వాన పడుతున్నట్టుంది.

మోటార్ న్యూరాన్ డిసీజ్. కండల్ని నడిపే నరాలు చచ్చిపోయే జబ్బు. ముందు చేతులు, తర్వాత కాళ్లు, మాట, మింగడం, చివరికి ఊపిరి. మందు కాస్త నెమ్మది చేస్తుందిగానీ ఆపదు. డాక్టరమ్మ ఏదీ దాచలేదు, తొందరా పడలేదు. అన్న అడిగింది ఒక్కటే, జనవరి దాకా చేతులు ఉంటాయా అని. ఉంటాయి, కానీ ఇవాళ ఉన్నంత ఉండవు అందామె.

నవంబర్ 30

అమ్మ అన్నకి సంబంధాల మాట ఎత్తడం మానేసింది.

డిసెంబర్ 4

పాస్టరు గారు వచ్చి అన్న చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. అన్న చిన్నపిల్లాడిలా చాపి కూర్చున్నాడు. అందరం ఏడ్చాం, అన్న తప్ప.

డిసెంబర్ 7

టికెట్లు క్యాన్సిల్ చేద్దామన్నాను. వద్దన్నాడు. నువ్వు ఎక్కు, నేను తాడు పట్టుకుంట అన్నాడు.

"పట్టలేవన్నా."

ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరూ అనని మాట. అమ్మ వంటింట్లో గిన్నె దించి అట్లాగే నిలబడిపోయింది.

"అవ్," అన్నాడు అన్న. "పట్టలేను."

లేచి బయటికి పోయాడు. పళ్లెంలో అన్నం ఎండిపోయేదాకా నేను లేవలేదు.

డిసెంబర్ 12

అన్న నాతో మళ్లీ మాట్లాడాడు. ఫోన్‌లో కొత్త వీడియో. పడవలో గోడ కిందికి పోతారు, తాళ్ల నిచ్చెన మీదినుంచి రాయి అందుకుంటారు. నడుముకి తాడుండదు. చెయ్యి వదిలితే సముద్రం. డీప్ వాటర్ సోలో అంటారు. ఎవరూ ఎవరినీ పట్టుకోనక్కర్లేదు.

"నేను గూడ ఎక్కుత. పడ్తె నీళ్లే గదా. నా చేతులకెళ్లి నిన్ను జారిడిసేది ఉండదు."

బాపు వద్దంటాడనుకున్నాను. లైఫ్ జాకెట్ ఏస్కుంటడా అని మాత్రం అడిగాడు. వేసుకుంటాడన్నాను. అయితే తోల్కపో బిడ్డా అన్నాడు.

డిసెంబర్ 28

కుడిచేయి ఇక పిడికిలి కావడం లేదు. మోచేయి ఇరికించి బరువు మోయడం ప్రాక్టీస్ చేస్తున్నాడు, కిటికీ ఊచల మీద. కింద నేను బొంతలు పరిచాను. పడ్డ ప్రతిసారీ ఇల్లు అదురుతుంది. అమ్మ పక్కింటికి పోయి కూర్చుంటోంది.

జనవరి 9

ఇది ఎవరితోనూ అనలేను. నీళ్లలో పడ్డాక అన్నకి పైకి రావాలని లేకపోతే?

జనవరి 15

ఎయిర్‌పోర్ట్‌లో బాపు నన్ను పక్కకి పిలిచాడు. ముంజేయి గట్టిగా పట్టుకున్నాడు.

"వాడు ఇప్పమన్నా జాకెట్ ఇప్పకు."

అంటే బాపుకి కూడా నా భయమే.

జనవరి 17, క్రాబి

పడవలో అన్న జాకెట్ పట్టీలు నేనే బిగించాను. మాట్లాడకుండా బిగించనిచ్చాడు. నిచ్చెన మీద వెనకనుంచి భుజంతో తోశాను. బొక్కలో మోచేయి ఇరికించి, కాళ్ల మీద లేచాడు. ఇంకో పట్టు. ఇంకోటి. ఆ కాళ్లు ఇంకా మా అన్నవే. అంత తీరుగా రాయి మీద పాదం పెట్టేవాళ్లని నేను ఇంకెవరినీ చూడలేదు.

పడవకి రెండు నిలువుల పైన ఆగాడు. మోచేయి జారుతుండటం కిందనుంచి నాకు కనిపిస్తూనే ఉంది. పడ్డాడు.

నీళ్లు మూసుకున్నాయి. నేను దూకేశాను. నేను చేరేసరికి తేలి, ఉప్పునీళ్లు ఉమ్ముతున్నాడు. మళ్లీ ఎక్కుత అన్నాడు. నవ్వుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

రెండోసారి నిచ్చెన దాటలేకపోయాడు. మూడోసారి అడగలేదు. పడవతను చంకల కింద చేతులేసి లోపలికి లాగాడు. చేపని లాగినట్టే. అన్న పడవ అడుగున వెల్లకిలా పడుకుని, రేపు నువ్వు ఎక్కు అన్నాడు.

జనవరి 18

ఎక్కాను. పై అంచు దగ్గర కాలు జారబోయింది. అలవాటు కొద్దీ కిందికి అరిచాను, తాడు టైట్ చెయ్యమని.

నడుముకి తాడు లేదు.

పడవలోంచి అన్న జవాబిచ్చాడు.

"పట్టిన."

చేతులు వదిలేశాను.