మధ్యలో దిగిన గీత

కాంతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అయినా బడికి వెళ్లాను. ఏడో తరగతికి ఉష్ణోగ్రతల గీతలు పోల్చే పాఠం చెప్పాలి.

బోర్డు మీద ముందు మన కిష్టారం ఎండల గీత గీశాను. అది రోజురోజుకూ కొంచెం కొంచెంగా పైకి పోయింది. పోల్చడానికి రెండో గీత కావాలి. నా నోటుబుక్కు చివరి పేజీలో నీ జ్వరం అంకెలు అలాగే ఉన్నాయి. పూటపూటా థర్మామీటరు పెట్టి నేనే రాసినవి. ఎవరివో చెప్పకుండా చుక్కలు కలిపాను. గీత ఒకరోజు ఎక్కి, మరునాడు దిగి, మూడోనాడు మళ్లీ ఎక్కింది.

"ఇది ఏ ఊరు సార్? ఒకరోజు ఎండ, ఒకరోజు సల్లగ?" అని ముందు వరస పిల్ల అడిగింది.

"ఊరు కాదు, మనిషి జరం."

"మధ్యల దిగింది గద సార్. తగ్గినట్టేనా?"

"కాదు. మలేరియా అట్లనే దిగి మళ్ల ఎక్కుతది. దిగినా సరే, ఆ రోజే దవాఖానకు తీస్కపోవాలె," అన్నాను. పిల్లలంతా రాసుకున్నారు.

గీత దిగిన ఆ రోజే నువ్వు కొంట పట్నంలోని దవాఖానకు పోదామన్నావు. "జరం దిగింది గద, ఇంకెందుకు?" అన్నాను నేను.

తగ్గినట్టేనా అని ఆ పిల్ల అడిగింది. ఆ రోజు నేను ఎవరినీ అడగనైనా లేదు.