పురుగుల గదిలో దాచిన మందు

సావిత్రీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు వచ్చిన ఇన్ఫెక్షనే ఇప్పుడు కోడలికి వచ్చింది. చింతామణి డాక్టరమ్మ యోనిలో పెట్టుకునే మందుబిళ్లలు రాసిచ్చి, "చల్లని చోట ఉంచమ్మా. చేతులు కడుక్కొని పెట్టుకో. దురద తగ్గినా మధ్యలో ఆపొద్దు" అంది.

మా అక్క ఊరుకుంటుందా? "ఆ మైల మందు ఫ్రిజ్జులో పెరుగు పక్కన పెడతావా?" అని, నీ మీద అరిచినట్టే అరిచింది. అప్పుడు నువ్వు పట్టుపురుగుల గదిలో దాచావు. పురుగుల వెచ్చదనానికి పెట్టిన కుంపటి వేడికి బిళ్లలు కరిగిపోయాయి, రోగం మిగిలింది. నిన్న కోడలూ అక్కడే దాచింది.

పొద్దున చూస్తే మందు పెట్టె ఫ్రిజ్జులో ఉంది. "నేను పెట్టలేదు మామా" అంది కోడలు. నేనూ పెట్టలేదు. అక్క దాన్ని తీసి పారేయబోయి కెవ్వుమంది: "ఎవురో నా చెయ్యి పట్టుకోని ఉండారప్పా!"

దయ్యాలు లేవని జీవితమంతా వాదించినవాణ్ణి. అయినా చెబుతున్నాను, బిళ్లలన్నీ అయ్యేదాకా ఆ చెయ్యి వదలకు.