యుద్ధం చుట్టూ ప్రదక్షిణ

అన్నయ్యకు,

అమ్మ క్షేమంగా ఉంది. ముందు ఆ మాట చదివి, తర్వాత కోప్పడు.

మతిమరుపు మనిషిని బయట తిప్పొద్దన్నావు. అయినా, గోడ చుట్టూ బొబ్బిలి యుద్ధం బొమ్మ వేసిన ఆ గుండ్రటి మ్యూజియానికి తీసుకెళ్లాను. చెయ్యి వదిలానో లేదో, అమ్మ కనబడలేదు. హాలు మధ్యలో కోట నమూనా అడ్డం. నా మోకాళ్ల నొప్పితో ఎన్ని చుట్లు తిరిగినా దొరకలేదు. అమ్మకు తగ్గింది జ్ఞాపకమే గాని నడక కాదుగా. చివరికి కాపలా అతను, “గుడి సుట్టూ తిరిగినట్టు ఇద్దరూ ఒకేవైపు తిరుగుతన్నారు. మీరు ఎదురెల్లండమ్మా” అన్నాడు. అరసవల్లి గుడి అలవాటు మరి, అప్రదక్షిణంగా నడవడానికి కాలు సాగలేదు. అయినా వెళ్లాను.

అమ్మ చేతులు జోడించుకుని ఎదురొచ్చింది. “ఎన్ని సుట్లు తిరిగినా ఈ యుద్దం అవ్వదేటే? ఆళ్లు అన్నాలెప్పుడు తింతారు?” అంది.

ఇంటికొచ్చాక, నువ్వు తిన్నావో లేదో కనుక్కోమంది. ఇన్నాళ్లకు నీ పేరు పెట్టి అడిగింది.

నీ చెల్లెలు