ముప్పై నాలుగో నంబరు బిళ్ల

నా నర్సమ్మకి,

కొండ మీద ఉన్న నీ మొగుడు రాస్తున్నది. ఇక్కడ నేనూ మామయ్యా ప్రాణాలతో, ఆరోగ్యంతో ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ హాస్టల్ గదిలోని మిగతా ముగ్గురూ బాగున్నారని తలుస్తాను. 'ప్రాణాలతో' అని ఎందుకు రాశానో నీకు తెలుసు. పదకొండు రోజులైనా నేనింకా తేరుకోలేదు. కూర వేగుతుంటే పొయ్యి ముందే నిలబడి మాడగొడుతున్నాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ముందు చిన్న ప్రశ్నలకు జవాబులు. మామయ్య బీపీ మాత్ర వేసుకుంటున్నారు, ఎదురుగా నిలబడి మరీ మింగిస్తున్నాను. వంటింటి కుళాయి బాగుపడింది. ప్లంబరు వచ్చి, నేను చేసిన రిపేరు విప్పడానికే గంట పట్టిందని తిట్టి పోయాడు. వేసవి ఉత్సవాలకు ఈసారి జనం విరగబడ్డారు. సరస్సులో పడవ పందేలు, మైదానంలో రోజూ సాయంత్రం బ్యాండు, పిల్లలకు బొమ్మలు గీసే పోటీ, అన్నీ జరిగాయి. పూల ప్రదర్శనలో డెంటిస్టు గులాబీకి మొదటి బహుమతి వచ్చింది. ఆ అంటు తన దొడ్లోంచి తీసుకుపోయిందేనని పక్కింటావిడ ఇప్పటికీ గొణుగుతోంది.

ఇక నీ అసలు ప్రశ్న. 'నాన్న దొంగచాటుగా రోప్‌వే ఎక్కి మధ్యలో ఇరుక్కుపోయాడని పక్కింటావిడ రాసింది. నిజమేనా? ఆయన అలాంటి మనిషి కాదే. మతి తప్పుతోందేమోనని భయంగా ఉంది. నర్సు ట్రైనింగ్ మానేసి సోమవారం బస్సుకు వచ్చేస్తాను' అని రాశావు. ఇక దాచను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ శనివారం సాయంత్రం ఆరింటికి మైదానంలో తాడు లాగుడు పోటీ. మా రోప్‌వే వాళ్లకీ ఫైర్ స్టేషన్ వాళ్లకీ. పగలంతా తాడుతోనే బతుకు, సాయంత్రం కూడా తాడేనా అని నువ్వయితే నవ్వేదానివి. మూడేళ్లుగా మేమే ఓడిపోతున్నాం. చివర్లో తాడు నడుముకు చుట్టుకుని నిలబడేది నేను. పై స్టేషన్‌లో ఉండేవాడు కూడా మా జట్టే కాబట్టి అయిదింటికే కిందికి వచ్చేశాడు. అయిదున్నరకు నేను మోటారు ఆపి, తాళం వేసి, పరిగెత్తాను.

ఈసారి గెలిచేలాగే ఉన్నాం. వాళ్ల కాళ్లు గీత దగ్గరికి జారుతున్నాయి. అంతలో బ్యాండులో బాకా ఊదేవాడు వాయించడం ఆపేసి పైకి చెయ్యి చూపించాడు. కొండ మలుపు దగ్గర, లోయ మీద, ఒక రోప్‌వే డబ్బా ఊగుతోంది. దాని కిటికీలోంచి పసుపు పచ్చగా ఏదో ఎగురుతోంది. కొలతల టేపు. ఈ ఊళ్లో మెడలో టేపు లేకుండా గడప దాటని మనిషి ఒక్కరే ఉన్నారు. నేను తాడు వదిలేశాను. మా వాళ్లంతా ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. నేను వెనక్కి చూడలేదు.

మోటారు మళ్లీ వేసి ఆయన్ని కిందికి దించేసరికి ఏడు దాటింది. గంటన్నర, ఆ గాలిలో. పెదాలు నల్లబడ్డాయి. చేతులు పట్టుకుంటే చల్లగా కట్టెల్లా ఉన్నాయి. ఆయనే 'అందరూ చూస్తున్నారు, ముందు నన్ను ఇంటికి తీసుకెళ్లు' అన్నారు. డాక్టరు ఆ రాత్రే వచ్చి చూశాడు, ప్రమాదం లేదన్నాడు.

సోమవారం విచారణ. మా మేనేజరు, ఉత్సవ కమిటీ వాళ్లు, నేను, మామయ్య. మా పద్ధతి నీకు తెలుసు కదా. ఎక్కేవాళ్లకి నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తాం. దిగాక తిరిగి ఇస్తే పలక మీద ఆ నంబరు మేకుకి తగిలిస్తాం. మేకులన్నీ నిండితేనే మోటారు ఆపాలి. ఆ రోజు మేకులన్నీ నిండే ఉన్నాయి. మరి లోపల మనిషి ఎలా ఉన్నాడు?

మామయ్య లేచి నిలబడ్డారు. 'తప్పు నాదేనండీ. పై టవరు మీద చిరిగిన రంగు జెండాలు కుట్టమని మీరే పంపారు. కుట్టి, దిగి, బిళ్ల ఇచ్చేశాను. ఇంకోసారి తిరగాలని ఆశ పుట్టి, ఎవరూ చూడకుండా వెనకవైపు నుంచి మళ్లీ ఎక్కాను' అన్నారు. కమిటీ వాళ్లు ఆయన్ని పిల్లల వేషాల పోటీకి జడ్జిగా ఉండొద్దన్నారు. ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి, ఎవరి గుడ్డలోనూ జానెడు ముక్క మిగుల్చుకోని మనిషి, ఆ రోజు నుంచి వీధిలోకి రాలేదు.

ఇంటికొచ్చాక ఆయన జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టారు. ముప్పై నాలుగో నంబరు బిళ్ల.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ సాయంత్రం ముప్పై నాలుగో మేకు ఖాళీగా ఉంది. నేను చూశాను. వేసవిలో రోజూ ఎవరో ఒకరు బిళ్ల జేబులో వేసుకుపోతారు, ఇదీ అంతే అనుకున్నాను. పిల్లలు పారేస్తారని ప్రతి నంబరుకీ సొరుగులో ఇంకో బిళ్ల ఉంటుంది. డబ్బాలన్నీ ఒక చుట్టు తిప్పి చూశాకే దాన్ని తీయాలని రూలు. పోటీకి ఆలస్యమవుతోందని తీసి తగిలించేశాను. ఆయన టికెట్ కిటికీలో బిళ్ల తీసుకుని ఎక్కిన సమయానికి నేను టీకి వెళ్లాను, జెండాలు కుట్టి ఇంకా దిగివస్తున్నది ఆయనేనని తెలియదు. ఎవరయితేనేం, మనిషే కదా.

'ఎందుకు మామయ్యా అలా చెప్పారు?' అని అడిగాను.

'నీ ఉద్యోగం పోతే అది చదువు ఆపేసి వచ్చేస్తుంది. దాని సంగతి నాకు తెలీదా?' అన్నారు.

నేను ఊరుకున్నాను. ఎనిమిది రోజులు ఊరుకున్నాను. నిన్న నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. సోమవారం బస్సు దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూలబడ్డారు. 'జన్మలో ఒక్క అబద్ధం ఆడాను రా. అదీ కొలత తప్పింది' అన్నారు. వెంటనే లేచి చొక్కా వేసుకున్నారు. వద్దని నేనొక్కణ్ణే వెళ్లాను. రెండు బిళ్లలూ మేనేజరు బల్ల మీద పెట్టాను.

మేనేజరు వాటిని తిప్పి నంబర్లు చూశారు. 'ఒక చుట్టు తిప్పి చూడడానికి పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాలు లేవా నీ దగ్గర?' అన్నారు. తాళాలు తీసుకున్నారు. మామయ్య తప్పేమీ లేదని రాసి టికెట్ కిటికీకి అంటిస్తామన్నారు. పడవల దగ్గర మనిషి కావాలట, రేపు వెళ్లి అడుగుతాను.

కాబట్టి సోమవారం బస్సు ఎక్కకు. నాన్న మతి నిక్షేపంలా ఉంది. గడ్డి తిన్నది నా బుద్ధే. నీకు నా ముఖం చూడాలనిపించకపోవచ్చు, అది న్యాయమే. పరీక్ష రాసి వచ్చి, ఎదురుగా నిలబెట్టి తిట్టు.

ఇది అంటించబోతుంటే మామయ్య తీసుకుని మొత్తం చదివారు. 'అన్నీ రాశావు గానీ, పైన నాకు భయమేసిందని రాయలేదే' అన్నారు.

'మీరు చెప్పలేదు కదా.'

'చచ్చేంత భయమేసింది. అల్లుడు కిందే ఉన్నాడు కదా, చూసుకుంటాడులే అని కళ్లు మూసుకుని కూర్చున్నా.'

ఆ మాట కూడా నీకు తెలియాలని రాస్తున్నాను.

ఇట్లు,
నీ క్షమాపణ అడిగే ముఖం లేని
నీ ఆయన